లినక్సు సర్వరులో హార్డువేరు సమాచార సేకరణ

లినక్సు సర్వరులో హార్డువేరు సమాచార సేకరణ అనగా, లినక్సు ఆపరేటింగు సిస్టముపై నడిచే సర్వరు పెట్టెను విప్పకుండానే, అందులోని ప్రాసెసరు, మెమరీ, డిస్కులు, నెట్‌వర్కు కార్డులు మొదలైన భాగాల వివరాలను సాఫ్టువేరు ఉపకరణాల ద్వారా తెలుసుకొనే విధానం. సాధారణంగా సర్వర్లు నిర్వాహకునికి దూరంగా, డేటా సెంటర్లలోని అరలలో ఉంటాయి. వాటిని ఇష్టం వచ్చినప్పుడు ఆపి, మూత తీసి చూడడం సాధ్యపడదు. కనుక నడుస్తున్న యంత్రం నుండే సమాచారాన్ని రాబట్టవలసి ఉంటుంది. ఇందుకు డీఎంఐడీకోడ్, ఎల్ఎస్‌పీసీఐ, ఎల్ఎస్‌సీపీయూ, ఎల్ఎస్‌హెచ్‌డబ్ల్యూ, స్మార్ట్‌సీటీఎల్, ఈథ్‌టూల్, ఐపీఎంఐటూల్ వంటి ఉపకరణాలు వాడుకలో ఉన్నాయి.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడినవి. టైపు చేసేటప్పుడు వాటిని రోమను లిపిలోని చిన్న అక్షరాలలో వ్రాయాలి.

అవసరం

హార్డువేరు వివరాలు ముఖ్యంగా ఈ క్రింది సందర్భాలలో కావలసి వస్తాయి.

* మెమరీ పెంచదలచినప్పుడు: ఎన్ని గాళ్ళు ఖాళీగా ఉన్నవి, ఏ రకపు మాడ్యూళ్ళు సరిపోతాయి అన్నది ముందే తెలియాలి.
* భాగం చెడిపోయినప్పుడు: తయారీదారుకు ఫిర్యాదు చేయడానికి మోడలు పేరు, క్రమ సంఖ్య అవసరం.
* వేగం తగ్గినప్పుడు: లోపం ప్రోగ్రాములో ఉన్నదా, యంత్రంలో ఉన్నదా అని నిర్ణయించాలి.
* కొత్త సర్వరు చేరినప్పుడు: కొనుగోలు పత్రంలో వ్రాసిన భాగాలే లోపల ఉన్నాయా అని సరిచూడాలి.
* డిస్కు మార్చవలసినప్పుడు: చెడిన డిస్కు ఏదో పొరపాటు లేకుండా గుర్తించాలి. ఇక్కడ జరిగే తప్పు వలన మొత్తం దత్తాంశం పోయే ప్రమాదం ఉంది.

సమాచార మూలాలు

ఉపకరణాలు అనేకం ఉన్నప్పటికీ, అవి సమాచారం తెచ్చే మూలాలు ప్రధానంగా మూడు. ఒక ఉపకరణం చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చునో అది ఏ మూలం నుండి వచ్చినదన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

1. హార్డువేరును నేరుగా అడగడం: ప్రాసెసరుకు సీపీయూఐడీ అనే సూచన ఇచ్చినప్పుడు అది తన వివరాలను తానే చెబుతుంది. పీసీఐ కార్డులు, డిస్కులు కూడా అడిగిన వెంటనే తమ గుర్తింపును తెలుపుతాయి.

2. తయారీదారు వ్రాసి ఉంచిన పట్టిక: కంప్యూటరు మొదలయ్యే సమయంలో బయోస్ లేదా యూఈఎఫ్ఐ అనే ఫర్మువేరు, యంత్రం వివరాలతో ఒక పట్టికను తయారుచేసి మెమరీలో ఉంచుతుంది. ఈ పట్టిక రూపాన్ని నిర్దేశించే ప్రమాణమే ఎస్ఎంబయోస్. దీనిని డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ నిర్వహిస్తున్నది.

3. కెర్నెలు అవగాహన: లినక్సు కెర్నెలు తాను గుర్తించి వాడుకొంటున్న భాగాల వివరాలను ‘ప్రాక్’, ‘సిస్’ అనే రెండు డైరెక్టరీలలో ఫైళ్ళ రూపంలో చూపుతుంది. నిజానికి ఇవి డిస్కుపై ఉండే ఫైళ్ళు కావు. చదివిన క్షణంలో కెర్నెలు అప్పటికప్పుడు సమాధానం ఇస్తుంది. వీటిలో ‘సిస్’ ఏర్పాటు 2003లో విడుదలైన 2.6 కెర్నెలుతో స్థిరపడినది.

ఈ మూడింటి మధ్య తేడా వచ్చినప్పుడు ఆ తేడాయే ముఖ్యమైన సమాచారం అవుతుంది. పట్టికలో ఉన్న భాగం కెర్నెలుకు కనబడకపోతే, డ్రైవరు లేదనో, భాగం చెడినదనో, ఫర్మువేరులో దానిని నిలిపివేశారనో అర్థం చేసుకోవాలి.

ప్రాసెసరు వివరాలు

ప్రాసెసరు గురించి తెలుసుకోవడానికి సులభమైన మార్గం ఎల్ఎస్‌సీపీయూ ఆదేశం. ఇది యుటిల్-లినక్సు అనే ప్యాకేజీలో భాగం కనుక దాదాపు అన్ని లినక్సు పంపిణీలలోనూ ముందే ఉంటుంది. మోడలు పేరు, సాకెట్ల సంఖ్య, ఒక్కొక్క సాకెట్టులోని కోర్లు, ఒక్కొక్క కోరులోని థ్రెడ్లు, క్యాషె మెమరీ పరిమాణం మొదలైనవి ఇందులో కనిపిస్తాయి.

కెర్నెలు లెక్కించే ప్రాసెసర్ల సంఖ్య ఈ విధంగా వస్తుంది:

సాకెట్లు × సాకెట్టుకు కోర్లు × కోరుకు థ్రెడ్లు = తార్కిక ప్రాసెసర్లు

ఉదాహరణకు 2 సాకెట్లు, సాకెట్టుకు 16 కోర్లు, కోరుకు 2 థ్రెడ్లు ఉంటే మొత్తం 64 అని చూపుతుంది. అంతమాత్రాన అందులో 64 ప్రాసెసరు కోర్లు ఉన్నాయని భావించరాదు. నిజమైన కోర్లు 32 మాత్రమే. కోర్ల సంఖ్యను బట్టి రుసుము వసూలు చేసే సాఫ్టువేర్ల విషయంలో ఈ తేడా ఖర్చుకు సంబంధించినది.

‘ప్రాక్’ డైరెక్టరీలోని సీపీయూఇన్ఫో ఫైలు ఒక్కొక్క తార్కిక ప్రాసెసరుకు ఒక్కొక్క పేరా ఇస్తుంది. అందులోని మెగాహెర్ట్జు సంఖ్య చదివిన క్షణంలోని వేగమే. పని లేనప్పుడు విద్యుత్తు ఆదా కొరకు ప్రాసెసరు తన వేగాన్ని తగ్గించుకొంటుంది. కనుక 2400 మెగాహెర్ట్జుల ప్రాసెసరు 1200 చూపినంత మాత్రాన అది లోపం కాదు. ఇదే ఫైలులోని ‘ఫ్లాగ్స్’ వరుసలో ప్రాసెసరు సామర్థ్యాలు ఉంటాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో ‘వీఎంఎక్స్’, ఏఎండీ ప్రాసెసర్లలో ‘ఎస్‌వీఎం’ అనే పదం ఉంటే, వర్చువల్ యంత్రాలను నడపడానికి కావలసిన తోడ్పాటు ఉన్నదని అర్థం.

మెమరీ వివరాలు

కెర్నెలు వాడుకొంటున్న మెమరీ ఎంతో ‘ఫ్రీ’ ఆదేశం ద్వారా గాని, ‘ప్రాక్’లోని మెమ్‌ఇన్ఫో ఫైలు ద్వారా గాని తెలుస్తుంది. ఇందులోని మొత్తం, అమర్చిన మెమరీ కంటె కొంత తక్కువగా ఉంటుంది. ఫర్మువేరు, కెర్నెలు తమ కొరకు కొంత భాగాన్ని ముందే కేటాయించుకోవడమే దీనికి కారణం. ఖాళీగా ఉన్న మెమరీ చాలా తక్కువగా కనబడినా కంగారు పడనవసరం లేదు. లినక్సు ఖాళీ మెమరీని డిస్కు క్యాషెగా వాడుకొని, అవసరమైనప్పుడు తిరిగి ఇస్తుంది. నిజంగా ఎంత లభ్యమో చెప్పే ‘మెమ్‌అవైలబుల్’ అనే అంకె 2014లో వచ్చిన 3.14 కెర్నెలు నుండి ఉంది.

ఏ గాడిలో ఏ మాడ్యూలు ఉన్నదో మాత్రం కెర్నెలు లెక్కలో ఉండదు. అందుకు డీఎంఐడీకోడ్ కావాలి.

డీఎంఐడీకోడ్

డీఎంఐడీకోడ్ ఎస్ఎంబయోస్ పట్టికను చదివి, మనుషులకు అర్థమయ్యే రూపంలో చూపే ఉపకరణం. దీనిని మొదట ఆలన్ కాక్స్ వ్రాయగా, తరువాత జీన్ డెల్వార్ నిర్వహణ చేపట్టాడు. దీనికి రూట్ అధికారం అవసరం. పట్టికలోని అంశాలకు సంఖ్యలు ఉన్నాయి. ముఖ్యమైనవి:

* 0 – బయోస్ వివరాలు
* 1 – యంత్రం తయారీదారు, మోడలు, క్రమ సంఖ్య
* 2 – మదర్‌బోర్డు
* 3 – పెట్టె
* 4 – ప్రాసెసరు
* 16 – మొత్తం మెమరీ గాళ్ళు, గరిష్ఠ పరిమాణం
* 17 – ఒక్కొక్క గాడిలోని మాడ్యూలు

‘డీఎంఐడీకోడ్ -టీ 17’ అని ఇస్తే ప్రతి గాడి పేరు, అందులోని మాడ్యూలు పరిమాణం, రకం, వేగం, తయారీదారు, క్రమ సంఖ్య వరుసగా వస్తాయి. ఖాళీ గాడికి ‘మాడ్యూలు లేదు’ అన్న అర్థం గల వాక్యం వస్తుంది. ఇందులో వేగం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి మాడ్యూలు అందుకోగల గరిష్ఠ వేగం, రెండవది ప్రస్తుతం నడుస్తున్న వేగం. వేర్వేరు వేగాల మాడ్యూళ్ళను కలిపి అమర్చితే, సాధారణంగా అన్నీ తక్కువ వేగానికే నడుస్తాయి.

ఒక ఉదాహరణ

8 జీబీ మాడ్యూళ్ళు 8 అమర్చిన సర్వరులో మొత్తం 64 జీబీ ఉండాలి. ‘ఫ్రీ’ ఆదేశం 55 జీబీ మాత్రమే చూపినదని అనుకొందాము. కెర్నెలు కేటాయింపు వలన ఇంత తేడా రాదు. లోటు సుమారుగా ఒక మాడ్యూలు పరిమాణానికి సమానం. అప్పుడు డీఎంఐడీకోడ్‌లో 17వ రకపు అంశాలను చూడాలి. ఏడింటికి వివరాలు వచ్చి, ఎనిమిదవ గాడి ఖాళీ అని వస్తే, ఆ మాడ్యూలు సరిగా కూర్చోలేదు లేదా చెడిపోయినది. ఎనిమిదింటికీ వివరాలు వస్తే, మాడ్యూలును ఫర్మువేరు గుర్తించినప్పటికీ వాడకం నుండి తొలగించి ఉండవచ్చును. ఈ విధంగా మూత తీయకముందే ఏ గాడిని చూడాలో నిర్ణయమవుతుంది.

దోష సవరణ మెమరీ

సర్వర్లలో సాధారణంగా ఈసీసీ అనే దోష సవరణ మెమరీ వాడతారు. డీడీఆర్4 వరకు వచ్చిన ఇటువంటి మాడ్యూళ్ళలో 64 బిట్ల దత్తాంశానికి తోడుగా 8 తనిఖీ బిట్లు, మొత్తం 72 బిట్లు ఉంటాయి. ఒక బిట్టు తప్పితే హార్డువేరు దానిని సరిదిద్దుతుంది. అటువంటి సవరణలను లినక్సులోని ఈడీఏసీ అనే భాగం లెక్కించి ‘సిస్’ డైరెక్టరీలో నమోదు చేస్తుంది. గూగుల్ సర్వర్లపై బియాంకా ష్రోడర్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక సంవత్సర కాలంలో మూడవ వంతు యంత్రాలలోను, 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్ళలోను కనీసం ఒక్కసారైనా సవరించదగిన దోషం కనబడినది. ఒకే మాడ్యూలులో ఈ లెక్క పెరుగుతూ పోతుంటే దానిని మార్చడం మంచిది.

పీసీఐ పరికరాలు

నెట్‌వర్కు కార్డులు, డిస్కు కంట్రోలర్లు, గ్రాఫిక్సు కార్డులు పీసీఐ లేదా పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గంపై ఉంటాయి. వీటి జాబితాను ఎల్ఎస్‌పీసీఐ చూపుతుంది. ఇది చెకు దేశీయుడైన మార్టిన్ మారెష్ ప్రారంభించిన పీసీఐయుటిల్స్ ప్యాకేజీలోనిది.

ప్రతి వరుస ముందు బస్సు, పరికరం, ఫంక్షను అనే మూడు సంఖ్యలతో కూడిన చిరునామా ఉంటుంది. వీటిని హెక్సాడెసిమల్ పద్ధతిలో వ్రాస్తారు. ప్రతి పరికరంలోనూ తయారీదారును, నమూనాను తెలిపే రెండు 16 బిట్ల సంఖ్యలు ఉంటాయి. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. ఇది ఆ సంస్థ 1978లో విడుదల చేసిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరు కావడం విశేషం. కార్డు చెప్పేది సంఖ్యలు మాత్రమే. వాటిని పేర్లుగా మార్చేది కంప్యూటరులోని ఒక జాబితా ఫైలు. ఆ ఫైలు పాతదైతే కొత్త కార్డు ‘తెలియని పరికరం’గా కనబడుతుంది. అది కార్డు దోషం కాదు, జాబితాను తాజా చేస్తే సరిపోతుంది.

‘-కే’ ఐచ్ఛికంతో ఏ కార్డును ఏ డ్రైవరు నడుపుతున్నదో తెలుస్తుంది. డ్రైవరు పేరు లేకపోతే కార్డు ఉన్నా పనిచేయదు. రెండు ‘వీ’లతో ‘-వీవీ’ అని ఇస్తే కార్డు సామర్థ్యం, ప్రస్తుత స్థితి రెండూ కనిపిస్తాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడవ తరంలో ఒక్కొక్క లేను సెకనుకు సుమారు 985 మెగాబైట్లు మోస్తుంది. 8 లేన్ల కార్డును 4 లేన్ల గాడిలో పెడితే అది పనిచేస్తుంది గాని, సెకనుకు సుమారు 7.9 గిగాబైట్ల మార్గం 3.9కి పడిపోతుంది. ఏ దోష సందేశమూ రాదు. ‘-వీవీ’ ఫలితంలో సామర్థ్యపు వరుసను, స్థితి వరుసను పోల్చి చూసినప్పుడే ఈ సంగతి బయటపడుతుంది. అయితే కొన్ని కార్డులు పని లేనప్పుడు లింకు వేగాన్ని తామే తగ్గించుకొంటాయి కనుక, పని జరుగుతున్నప్పుడు చూడడం ఉత్తమం.

డిస్కులు

డిస్కులు, వాటి విభాగాలను ఎల్ఎస్‌బీఎల్‌కే వృక్షం ఆకారంలో చూపుతుంది. ఇందులో డిస్కు పరిమాణం తయారీదారు చెప్పినదాని కంటె తక్కువగా కనబడుతుంది. తయారీదారు ఒక టెరాబైటును 1,00,000 కోట్ల బైట్లుగా లెక్కించగా, ఈ ఉపకరణం 1024 గుణకాలతో లెక్కించడం వలన అదే డిస్కు సుమారు 931 జీబీగా వస్తుంది.

స్మార్ట్ సమాచారం

డిస్కులు తమ ఆరోగ్య వివరాలను తామే నమోదు చేసుకొనే పద్ధతికి స్మార్ట్ అని పేరు. ‘సెల్ఫ్ మానిటరింగ్, అనాలిసిస్ అండ్ రిపోర్టింగ్ టెక్నాలజీ’ అనే పేరుకు ఇది సంక్షిప్త రూపం. దీనిని చదివే స్మార్ట్‌సీటీఎల్ ఉపకరణం, భౌతిక శాస్త్రవేత్త బ్రూస్ ఆలెన్ 2002లో ప్రారంభించిన స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్రాజెక్టులోనిది. సాటా డిస్కులలో గమనించవలసిన అంశాలు:

* 5 – చెడిపోయి, వేరే చోటికి మార్చబడిన సెక్టార్లు
* 9 – డిస్కు నడిచిన గంటలు
* 197 – చదవడానికి మొరాయిస్తూ, మార్పు కొరకు వేచి ఉన్న సెక్టార్లు
* 198 – సరిదిద్దలేని సెక్టార్లు
* 199 – డిస్కుకు, కంట్రోలరుకు మధ్య ప్రసార దోషాలు (తరచుగా కేబులు లోపం)

స్మార్ట్ హెచ్చరికను నిర్లక్ష్యం చేయరాదు. అలాగని హెచ్చరిక లేదు కదా అని నిశ్చింతగానూ ఉండరాదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రెండు సంగతులూ తేలాయి. ఉపరితల పరిశీలనలో మొదటి దోషం కనబడిన డిస్కు, అటువంటి దోషం లేని డిస్కు కంటె, 60 రోజులలోపు చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. మరొక వైపు, చెడిపోయిన డిస్కులలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత మినహా మరే స్మార్ట్ అంశంలోనూ ఎటువంటి సూచన లేకుండానే చెడిపోయాయి. కనుక స్మార్ట్ నివేదిక బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు.

సరైన డిస్కును గుర్తించడం

రెయిడ్ 5 పద్ధతిలో అమర్చిన డిస్కులలో ఒకటి చెడినా దత్తాంశం నిలుస్తుంది. కాని చెడిన దానికి బదులు మంచి డిస్కును పొరపాటున తీస్తే రెండు డిస్కులు లేనట్లే అయి, మొత్తం సముదాయం కూలిపోతుంది. లినక్సు ఇచ్చే ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ వంటి పేర్లు యంత్రం మళ్ళీ మొదలైనప్పుడు మారవచ్చును. కనుక ఆ పేర్లను బట్టి డిస్కును తీయరాదు. ముందుగా స్మార్ట్‌సీటీఎల్ ద్వారా చెడిన డిస్కు క్రమ సంఖ్యను వ్రాసుకొని, డిస్కు చీటీపై ఉన్న సంఖ్యతో సరిపోల్చాలి. సదుపాయం ఉన్న సర్వర్లలో ‘లెడ్‌సీటీఎల్’ ఆదేశంతో ఆ డిస్కు దీపాన్ని మినుకుమనేటట్లు చేయవచ్చును.

హార్డువేరు రెయిడ్ కంట్రోలరు ఉన్న సర్వర్లలో విడి డిస్కులు కెర్నెలుకు కనబడవు. అన్నీ కలిసి ఒకే డిస్కుగా కనిపిస్తాయి. అప్పుడు స్మార్ట్‌సీటీఎల్‌కు ‘-డీ’ ఐచ్ఛికంతో కంట్రోలరు రకాన్ని, డిస్కు సంఖ్యను తెలపాలి, లేదా కంట్రోలరు తయారీదారు ఇచ్చిన ఉపకరణం వాడాలి.

నెట్‌వర్కు కార్డులు

ఈథ్‌టూల్ ఆదేశం నెట్‌వర్కు కార్డు వేగాన్ని, డ్రైవరును, ఫర్మువేరు సంచికను తెలుపుతుంది. 1000 మెగాబిట్ల కార్డు 100 మెగాబిట్లే చూపితే ముందుగా కేబులును అనుమానించాలి. గిగాబిట్ ఈథర్నెట్టుకు కేబులులోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఒక జత తెగినా లింకు నిలిచి, వేగం మాత్రం పడిపోవచ్చును. ‘ఈథ్‌టూల్ -పీ’ ఆదేశం ఎంచుకొన్న పోర్టు దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది. వరుసగా ఉన్న పోర్టులలో ఏది ఏదో గుర్తించడానికి ఇది ఉపయోగం.

బీఎంసీ, ఐపీఎంఐ

సర్వరు మదర్‌బోర్డుపై బీఎంసీ అనే చిన్న స్వతంత్ర కంప్యూటరు ఉంటుంది. ప్రధాన యంత్రం ఆగిపోయి ఉన్నా, విద్యుత్తు అందుతున్నంత కాలం ఇది పనిచేస్తుంది. దీనితో సంభాషించే ఐపీఎంఐ ప్రమాణాన్ని ఇంటెల్, డెల్, హ్యూలెట్ ప్యాకర్డ్, ఎన్‌ఈసీ సంస్థలు 1998లో ప్రకటించాయి. ఐపీఎంఐటూల్ ద్వారా ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగం, విద్యుత్ సరఫరా యూనిట్ల స్థితి, సంఘటనల చిట్టా చదవవచ్చును. రాత్రి సర్వరు తానే ఆగిపోయినప్పుడు కెర్నెలు చిట్టాలో కారణం లేకపోవచ్చును. బీఎంసీ చిట్టాలో మాత్రం అది నమోదై ఉండే అవకాశం ఉంది. ఐపీఎంఐకి ప్రత్యామ్నాయంగా డీఎంటీఎఫ్ సంస్థ 2015లో రెడ్‌ఫిష్ అనే ప్రమాణాన్ని విడుదల చేసినది.

సమగ్ర నివేదిక

లయొనెల్ విన్సెంట్ వ్రాసిన ఎల్ఎస్‌హెచ్‌డబ్ల్యూ పై మూలాలు అనేకం కలిపి ఒకే నివేదికగా ఇస్తుంది. దీనిని హెచ్‌టీఎంఎల్, ఎక్స్ఎంఎల్, జేసన్ రూపాలలో కూడా పొందవచ్చును. కెర్నెలు మొదలైనప్పుడు ఏ భాగాన్ని ఎలా గుర్తించినదో డీమెసేజ్ ఆదేశంలో కనబడుతుంది. ఆ చిట్టాకు పరిమాణం పరిమితం కనుక, ఎక్కువ కాలం నడిచిన సర్వరులో పాత సందేశాలు చెరిగిపోయి ఉంటాయి.

సర్వరు సక్రమంగా నడుస్తున్న రోజునే ఈ నివేదికలన్నింటినీ ఒక ఫైలులో భద్రపరచి, ఆ ఫైలును వేరే కంప్యూటరులో ఉంచాలి. తరువాత అనుమానం వచ్చిన రోజున కొత్త నివేదికను ‘డిఫ్’ ఆదేశంతో పోల్చితే మారినది ఏమిటో వెంటనే తెలుస్తుంది. పాత నివేదిక లేనిదే పోలిక సాధ్యం కాదు.

వర్చువల్ యంత్రాలలో

వర్చువల్ యంత్రం లోపల నుండి చూసినప్పుడు కనిపించే హార్డువేరులో అధిక భాగం హైపర్‌వైజరు కల్పించినదే. ఎస్ఎంబయోస్ పట్టికను కూడా అదే వ్రాస్తుంది. తయారీదారు స్థానంలో క్యూఈఎంయూ, వీఎంవేర్ వంటి పేర్లు కనిపిస్తాయి. అక్కడి మెమరీ గాళ్ళు, డిస్కు ఆరోగ్యం అసలు యంత్రానివి కావు. ‘సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్’ ఆదేశంతో గాని, ఎల్ఎస్‌సీపీయూలోని హైపర్‌వైజరు వరుసతో గాని తాము వర్చువల్ యంత్రంలో ఉన్నామో లేదో ముందే నిర్ధారించుకోవాలి.

పరిమితులు, జాగ్రత్తలు

* డీఎంఐడీకోడ్ హార్డువేరును పరీక్షించదు. ఫర్మువేరు వ్రాసినదానిని యథాతథంగా చదువుతుంది. ఆ పట్టిక అసంపూర్ణంగా గాని, తప్పుగా గాని ఉండవచ్చునని దాని సహాయ పుటలోనే హెచ్చరిక ఉంది. గరిష్ఠ మెమరీ పరిమాణం విషయంలో తయారీదారు పుస్తకాన్ని కూడా చూడాలి.
* రూట్ అధికారం లేకుండా నడిపితే ఎల్ఎస్‌హెచ్‌డబ్ల్యూ, ఎల్ఎస్‌పీసీఐ కొన్ని వివరాలను వదిలివేస్తాయి. కనబడని భాగం లేదని భావించరాదు.
* నివేదికలలో క్రమ సంఖ్యలు, నెట్‌వర్కు కార్డుల చిరునామాలు ఉంటాయి. ఇతరులకు పంపే ముందు వాటిని తొలగించాలి.
* బీఎంసీని బహిరంగ ఇంటర్నెట్టుకు కలపరాదు. దానిపై పట్టు చిక్కినవారికి సర్వరుపై పూర్తి అధికారం చిక్కినట్లే.

ఇతర ఆపరేటింగు సిస్టములలో

ఫ్రీబీఎస్‌డీలో పీసీఐకాన్ఫ్, సిస్‌సీటీఎల్. సొలారిస్‌లో పీఆర్‌టీడయాగ్, పీఆర్‌టీకాన్ఫ్. మ్యాక్ ఓఎస్‌లో సిస్టమ్ ప్రొఫైలర్ ఆదేశం. విండోస్‌లో సిస్టమ్‌ఇన్ఫో, పవర్‌షెల్ ద్వారా డబ్ల్యూఎంఐ ఈ పనికి వాడబడుతున్నాయి. డీఎంఐడీకోడ్, స్మార్ట్‌సీటీఎల్ ఉపకరణాలు ఫ్రీబీఎస్‌డీ వంటి ఇతర వ్యవస్థలలో కూడా లభిస్తాయి.

ఇవి కూడా చూడండి

* లినక్సు
* కెర్నెలు
* బయోస్
* రెయిడ్
* హార్డు డిస్కు